గుహల్లోని సున్నపు నిక్షేపాల నుంచి ప్రాచీన శీతోష్ణస్థితి: తరచుగా అడిగే ప్రశ్నలు

గుహలో పెరిగే రాయికీ, బయట కురిసిన వానకీ సంబంధమేమిటి?

వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు వేళ్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ పగుళ్ల వెంట దిగి, గుహ కప్పు నుంచి చుక్కలుగా రాలుతుంది. గుహ గాలిలో కార్బన్ డయాక్సైడ్ నేలలో కంటే తక్కువ. అందుకే చుక్కలోని వాయువు బయటికి పోతుంది. అది పోయాక అంత కాల్షియం కార్బొనేట్‌ను పట్టి ఉంచడం నీటి వల్ల కాదు, పలచని కాల్సైట్ పొరగా వదిలేస్తుంది. ఆ పొరలోని ఆక్సిజన్‌లో చాలా భాగం వాన నీటిదే, కార్బన్‌లో చాలా భాగం నేలదీ రాతిదీ.

నీరు ఆవిరైపోవడం వల్లే ఈ పొరలు ఏర్పడతాయని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వాయువు పోవడం. ఆవిరి ప్రభావం ఎక్కువగా ఉన్న చోట, అంటే గుహ ముఖద్వారం దగ్గర, గాలి ఆడే చోట పెరిగిన రాయి వాతావరణ పరిశోధనకు అంతగా పనికిరాదు.

స్టాలగ్మైట్‌నే ఎందుకు ఎంచుకుంటారు? స్టాలక్టైట్ పనికిరాదా?

పనికిరాదని కాదు, చదవడం కష్టం. కప్పు నుంచి వేలాడే స్టాలక్టైట్ నడుమ నీటి గొట్టం ఉంటుంది. పొరలు దాని చుట్టూ శంఖంలా పేరుకుంటాయి, ఏది ముందో ఏది వెనకో తేల్చడం చిక్కు. నేల నుంచి లేచే స్టాలగ్మైట్‌లో పొరలు ఒకదానిపై ఒకటి పడతాయి. కింద పాతది, పైన కొత్తది. పైనుంచి కింద దాకా ఒకే మందంతో కొవ్వొత్తిలా నిలబడిన రాయి దొరికితే అన్నిటికన్నా మేలు. చుక్క పడే తీరు చాలాకాలం పెద్దగా మారలేదని ఆ ఆకారమే చెబుతుంది. గోడల మీద, నేల మీద పరుచుకున్న ఫ్లోస్టోన్‌ను కూడా వాడతారు, కానీ అందులో పెరుగుదల ఆగిన విరామాలు ఎక్కువ.

ఒక రాయి ఎంత కాలాన్ని చెబుతుంది?

సాధారణంగా ఏడాదికి 0.01 నుంచి 0.1 మి.మీ. పెరుగుతుంది. అంటే మీటరు పొడవున్న రాయిలో పది వేల ఏళ్ల చరిత్ర ఉండవచ్చు, లక్ష ఏళ్లదీ ఉండవచ్చు. పొడవు చూసి వయసు చెప్పడం కుదరదు.

గుహను, రాయిని ఎలా ఎంచుకోవాలి?

ముఖద్వారానికి దూరంగా, గాలి కదలిక తక్కువగా, తేమ 95 శాతానికి పైన ఉన్న గదులను చూడండి. అలాంటి లోతైన గదిలో ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు మారదు, బయటి సగటు వార్షిక ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. చేతి థర్మామీటరుతో ఒక్క రోజు చూసి దీన్ని తేల్చలేం. కొలతలను దానంతట అదే నమోదు చేసే లాగర్ పెట్టి కనీసం ఏడాది వదలాలి.

కప్పు మందం కూడా చూడాలి. పైన రాయి పలచగా ఉంటే ఒక్కో వానా చుక్కలో కనిపిస్తుంది. మందంగా ఉంటే నెలల, కొన్నిచోట్ల ఏళ్ల వాన కలిసిపోయి సగటుగా దిగుతుంది. ఏటేటి కరువులు వెతికేవారికి రెండో రకం గుహ పనికిరాదు, వేల ఏళ్ల పోకడ కావాలనుకునేవారికి అదే మంచిది. ఏది కావాలో ముందే తేల్చుకోకుండా రాయి తెచ్చేసి, తర్వాత దానికి తగిన ప్రశ్న వెతుక్కోవడం ఈ రంగంలో మామూలే. అది మంచి అలవాటు కాదు.

రాళ్లను నరికి తెస్తే గుహ పాడవదా?

పాడవుతుంది. పోయిన రాయి మన జీవితకాలంలో తిరిగి పెరగదు. కాబట్టి అనుమతి మొదటి మెట్టు, పొదుపు రెండోది. ఇప్పటికే విరిగి పడి ఉన్నవాటిని ముందు చూడండి. నిలబడి ఉన్న రాయి తప్పనిసరైతే, అడుగు భాగంలో చిన్న డ్రిల్ రంధ్రం చేసి పిడికెడు కూడా కాదు, ఒక గ్రాములోపు పొడి తీసి వయసు కట్టించండి. మీకు కావలసిన కాలానికి చెందనిదైతే ఆ రాయిని అక్కడే వదిలేయవచ్చు. పెద్ద రాళ్లకైతే నిలువునా సన్నటి కోర్ (కడ్డీలాంటి నమూనా) తీసి రంధ్రాన్ని మూసేస్తారు. తీసిన ప్రతి రాయికీ గుహ పటంలో స్థానం, పైన చుక్క పడుతోందా లేదా, ఏ వైపు ఎటు ఉంది అన్నవి అక్కడికక్కడే రాసుకోవాలి. తర్వాత గుర్తుండవు.

రాయి కోశాక మొదట ఏం చూడాలి?

యంత్రం దగ్గరికి వెళ్లకముందు కళ్లతో చూడండి. వజ్రపు బ్లేడు రంపంతో పెరుగుదల అక్షం వెంట నిలువుగా కోసి, నునుపు చేసి, తడిపితే పొరలు తేలతాయి. బ్లేడు చల్లబరచడానికి నీళ్లే వాడాలి. నూనె వాడితే సేంద్రియ పదార్థాల పరీక్షలు పాడవుతాయి.

తడి ముఖం మీద గాజులా పారదర్శకంగా ఉన్న కాల్సైట్ గట్టిది, వయసు కట్టడానికి అనువైనది. పాలలా తెల్లగా ఉన్నచోట సూక్ష్మ రంధ్రాలు, వాటిలో నీరు ఉంటాయి. సన్నటి గోధుమ రంగు గీత ఒకటి అడ్డంగా పోతూ, దాని కింద పొరలు అరిగినట్టు, కరిగినట్టు కనిపిస్తే అక్కడ పెరుగుదల ఆగిందని అనుమానించాలి. సూదుల్లాంటి స్ఫటికాలు కట్టలుగా ఉంటే అది అరగోనైట్ (కాల్షియం కార్బొనేట్‌కే మరో స్ఫటిక రూపం) కావచ్చు, ఎక్స్-రే డిఫ్రాక్షన్‌తో నిర్ధారించుకోవాలి. ఇది చిన్న విషయం కాదు. ఒకే నీటి నుంచి ఏర్పడినా అరగోనైట్‌లో ఆక్సిజన్-18 (ఆక్సిజన్‌లో బరువైన రకం, అంటే ఐసోటోపు) విలువ కాల్సైట్ కంటే సుమారు 0.6 నుంచి 0.8 పర్ మిల్ (వెయ్యికి ఇంత అని లెక్క) ఎక్కువ, కార్బన్‌లో బరువైన రకం కార్బన్-13 అయితే 1.7 దాకా ఎక్కువ. ఖనిజం మారిన చోటును వాతావరణ మార్పుగా చదివే ప్రమాదం ఉంది.

వయసు ఎలా కడతారు?

యురేనియం-థోరియం పద్ధతితో. నీటిలో యురేనియం కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. కాబట్టి పొర ఏర్పడినప్పుడు అందులో యురేనియం ఉంటుంది, థోరియం-230 ఉండదు. ఆ తర్వాత యురేనియం-234 క్షీణించి థోరియం-230 పుడుతూ పోతుంది. ఎంత పుట్టిందో కొలిస్తే ఎంత కాలమైందో తెలుస్తుంది. థోరియం-230 అర్ధాయువు సుమారు 75,600 ఏళ్లు. అందువల్ల ఈ గడియారం దాదాపు 6 లక్షల ఏళ్ల వరకు పనిచేస్తుంది. అంతకన్నా పాత రాళ్లకు యురేనియం-సీసం పద్ధతి వాడతారు.

యురేనియం ఎంత ఉందన్న దాన్ని బట్టి 50 నుంచి 300 మి.గ్రా. పొడి పడుతుంది. దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, తెలిసిన మోతాదులో థోరియం-229, యురేనియం-233, యురేనియం-236 కలిపిన ద్రావణాన్ని చేరుస్తారు. దీన్నే స్పైక్ అంటారు. ఇనుముతో కలిపి అవక్షేపించి, అయాన్ మార్పిడి రెసిన్ గొట్టాల్లో యురేనియంనూ థోరియంనూ వేరు చేసి, పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే మల్టీ కలెక్టర్ ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలుస్తారు. పనంతా క్లీన్ రూములో జరగాలి. ప్రతి బ్యాచ్‌తోనూ రాయి లేని ఖాళీ నమూనాను కూడా నడపాలి. చిన్న వయసు రాళ్లలో అసలు థోరియమే అత్యల్పం, రసాయనాల నుంచి చేరిన మాలిన్యమే వయసును పెంచేయగలదు.

శుభ్రంగా కొలిచినా వయసులు తలకిందులుగా వస్తున్నాయి. ఎందుకు?

కింది పొర కంటే పై పొర పాతదని వస్తే రెండు కారణాలు ముందు వెతకాలి.

ఒకటి, మట్టి. చుక్కతో పాటు వచ్చిన బంకమట్టి రేణువులు తమ థోరియంను తామే మోసుకొస్తాయి. దాంతో వయసు ఉన్నదాని కంటే ఎక్కువగా కనిపిస్తుంది. థోరియం-232 ఎంత ఉందో చూసి దీన్ని పట్టుకుంటారు. దిద్దుబాటుకు మట్టిలో మొదట థోరియం-230, థోరియం-232 నిష్పత్తి పది లక్షలకు 4.4, అటూ ఇటూ 2.2 అని ఊహించుకోవడం వాడుక. అది భూపటలపు సగటు నుంచి తీసుకున్న అంకె, మీ గుహది కాదు. మట్టి ఎక్కువ ఉన్న రాయికి ఒకే పొర నుంచి నాలుగైదు నమూనాలు తీసి ఐసోక్రాన్ (ఒకే వయసున్న నమూనాల విలువలను కలిపే గీత) గీసి, ఆ గుహ సొంత నిష్పత్తి కనుక్కోవాలి. దిద్దుబాటు తర్వాత వయసు వందల ఏళ్లు జరిగిందంటే, ఆ తేదీ మీద ఏ వాదనా నిలబెట్టకపోవడం మంచిది.

రెండోది, యురేనియం కొట్టుకుపోవడం. రంధ్రాలున్న రాయిలోనో, అరగోనైట్ తిరిగి కాల్సైట్‌గా మారిన చోటో నీరు దూరి యురేనియంను కడిగేస్తే, థోరియం మిగిలిపోయి వయసు పెరిగినట్టు కనిపిస్తుంది. దీనికి దిద్దుబాటు లేదు. ఆ భాగాన్ని వదిలెయ్యడమే.

కార్బన్-14 వాడకూడదా?

నేరుగా వాడలేం. పొరలోని కార్బన్‌లో కొంత కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయి నుంచి వచ్చినది, అందులో కార్బన్-14 ఉండదు. ఆ భాగం గుహ గుహకూ మారుతుంది, ఒకే రాయిలోనూ మారవచ్చు. అయితే రెండు పనులకు ఇది బాగా ఉపయోగపడుతుంది. 1950లు, 60ల అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగింది. ఆ ఉబ్బు రాయి పైభాగంలో కనిపిస్తే రాయి ఇటీవలి దాకా పెరిగిందని రుజువవుతుంది. రెండోది దీనికి తిరగేసిన పని. చైనాలోని హులు గుహలో పాత కార్బన్ వాటా తక్కువగా, నిలకడగా ఉంది. దాని యురేనియం-థోరియం వయసులతో కార్బన్-14 గడియారాన్నే సరిదిద్దారు. కార్బన్-14 వయసులను అసలు ఏళ్లుగా మార్చడానికి 2020లో వచ్చిన ఇంట్‌కాల్20 వక్రరేఖలోని పాత భాగానికి ఆ రాళ్లే ముఖ్య ఆధారం.

తేదీ కట్టని పొరలకు వయసు ఎలా ఇస్తారు?

మధ్యలో లెక్క వేసి. ఉదాహరణకు ఒక చోట వయసు 5,000 ఏళ్లు, అటూ ఇటూ 40. దానికి 30 మి.మీ. కింద 5,600 ఏళ్లు, అటూ ఇటూ 50. మి.మీ.కి 20 ఏళ్లన్నమాట. నడిమధ్య పొర 5,300 ఏళ్లది అంటాం. కానీ ఆ రెండు తేదీల మధ్య రాయి ఒకే వేగంతో పెరిగిందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. అసలు పొరపాటు ఆ తేదీల దగ్గర కంటే మధ్యలోనే ఎక్కువ. అందుకే స్టాల్‌ఏజ్, కోప్రా, బేకన్ వంటి ప్రోగ్రాములతో వేలసార్లు లెక్క నడిపి, ప్రతి లోతుకూ వయసుతో పాటు దాని హద్దులనూ తీస్తారు. విరామం ఎక్కడ ఉందో మీరు చెప్పకపోతే ప్రోగ్రాము దాని మీదుగా నున్నగా గీత గీసేస్తుంది. ఇది తరచూ జరిగే తప్పు.

మొదటి విడత తేదీలు పైన, అడుగున, విరామాలకు రెండు పక్కలా పెట్టండి. ఐసోటోపుల ఫలితాలు వచ్చాక, మార్పు కనిపించిన చోట రెండో విడత వెయ్యండి. బడ్జెట్ అంతా మొదటి విడతలోనే ఖర్చు చెయ్యకండి.

ఐసోటోపులకు పొడి ఎంత కావాలి, ఎలా తియ్యాలి?

ఒక్కో నమూనాకు 50 నుంచి 100 మైక్రోగ్రాములు చాలు. 0.5 మి.మీ. డ్రిల్ బిట్‌తో తీస్తే, ఏడాదికి 0.05 మి.మీ. పెరిగిన రాయిలో ఒక్కో రంధ్రం పదేళ్ల సగటు అవుతుంది. అంతకన్నా నిశితంగా కావాలంటే మైక్రోమిల్ అనే సూక్ష్మ డ్రిల్ యంత్రంతో పొరల వెంబడి సన్నటి గాడులు గీయాలి. వేగం తక్కువగా ఉంచండి. బిట్ వేడెక్కితే అరగోనైట్ కాల్సైట్‌గా మారవచ్చు. ప్రతి నమూనా తర్వాత బిట్‌నూ ముఖాన్నీ గాలితో ఊది తుడవాలి, లేకపోతే పక్క పొర పొడి కలిసి మార్పులన్నీ మొద్దుబారతాయి. పొడి మీద గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లం వేసి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపుతారు. ఆక్సిజన్‌కు 0.1 పర్ మిల్ లోపు కచ్చితత్వం రావాలి.

ఆక్సిజన్-18 తగ్గితే వాన పెరిగినట్టేనా?

ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, అన్నిటికన్నా తొందరపాటు జవాబులు వచ్చేదీ దీనికే. ఉష్ణమండలంలో వాన ఎక్కువ కురిసిన నెలల్లో నీటిలో ఆక్సిజన్-18 తక్కువగా ఉండడం చాలాచోట్ల నిజం. కానీ అదే అంకె ఇంకా చాలా కారణాల వల్ల మారుతుంది. ఆవిరి ఏ సముద్రం నుంచి బయల్దేరింది, దారిలో ఎంత కురిసి వచ్చింది, వేసవి వానకూ చలికాలపు వానకూ నిష్పత్తి ఎంత, గుహలో ఉష్ణోగ్రత ఎంత, నేలలో నీరు ఎంత ఆవిరైంది. హిమయుగాల్లోనైతే సముద్రపు నీటి విలువే మారింది. మంచు పలకల్లో తేలిక ఆక్సిజన్ చిక్కుకోవడంతో గత హిమయుగపు ఉచ్ఛదశలో సముద్రం సుమారు 1 పర్ మిల్ బరువెక్కింది.

మేఘాలయనే తీసుకోండి. ప్రపంచంలో అత్యధికంగా వాన పడే చోట్లలో ఒకటి. అక్కడి వాన నీటిని వరసగా సేకరించి చూస్తే, ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్న దానికంటే ఆవిరి ఎక్కడి నుంచి, ఏ దారిన వచ్చిందన్నదే ఐసోటోపులను ఎక్కువగా నడిపిస్తోందని తేలింది. అంటే అక్కడి గుహ రాయి రుతుపవనాల బలాన్ని, దారిని చెబుతుంది. స్థానిక వానకొలత పరికరంలా దాన్ని చదవకూడదు. చైనా గుహల విషయంలోనూ ఇదే చర్చ ఏళ్లుగా నడుస్తోంది.

తేదీ చెప్పడంలో ఈ రాళ్లకు సాటి తక్కువ. ఆ తేదీన ఏం జరిగిందో చెప్పే హక్కు మాత్రం ప్రతి గుహలోనూ విడిగా సంపాదించుకోవాలి.

మరి ఉష్ణోగ్రత?

కాల్సైట్ ఏర్పడేటప్పుడు డిగ్రీ సెల్సియస్‌కు ఆక్సిజన్-18 సుమారు 0.2 పర్ మిల్ తగ్గుతుంది. నీటి విలువ తెలియకుండా ఈ లెక్కతో ఉష్ణోగ్రత చెప్పలేం. కాల్సైట్‌లో ఇరుక్కున్న పాత నీటి బిందువులను పట్టుకుంటే ఆ కొరత తీరుతుంది. రాయిలో ఆ నీరు బరువులో 0.1 శాతం ఉందనుకుంటే, గ్రాము రాయిని వేడి గదిలో నలిపితే ఒక మైక్రోలీటరు వస్తుంది. దాన్ని లేజర్ స్పెక్ట్రోమీటర్‌తో కొలుస్తారు. బరువైన ఐసోటోపుల జతలను లెక్కించే క్లంప్డ్ ఐసోటోప్ పద్ధతి కూడా ఉంది, కానీ చుక్కలోంచి వాయువు చాలా వేగంగా పోయిన రాళ్లలో అది ఉష్ణోగ్రతను ఎక్కువగా చూపిస్తుంది.

కార్బన్-13, మెగ్నీషియం ఎందుకు కొలుస్తారు?

కరువును వేరే దారిలో సరిచూసుకోవడానికి. వాన తగ్గితే పగుళ్లలో గాలి చేరి, నీరు గుహకు చేరకముందే దారిలో కొంత కాల్సైట్‌ను వదిలేస్తుంది. మిగిలిన నీటిలో కాల్షియంతో పోలిస్తే మెగ్నీషియం, స్ట్రాన్షియం పెరుగుతాయి, కార్బన్-13 కూడా పెరుగుతుంది. మూడూ కలిసి లేస్తే పొడికాలం అనే వాదన బలపడుతుంది. కార్బన్-13 ఒక్కటే లేస్తే పైన చెట్లు పోయి గడ్డి వచ్చిందేమో, గుహలో గాలి ఆడడం పెరిగిందేమో చూడాలి.

హెండీ పరీక్ష పాసైతే చాలా?

చాలదు. ఒకే పొర వెంట ఆక్సిజన్ విలువ మారకూడదు, ఆక్సిజన్, కార్బన్ విలువలు కలిసి నడవకూడదు అన్నది 1971 నాటి ఆ పరీక్ష. ఒకే పొరను అంచు దాకా కచ్చితంగా వెంబడించి తవ్వడం చాలా కష్టం. పైగా వాతావరణం వల్లే రెండు విలువలూ కలిసి మారే సందర్భాలున్నాయి. దీనికంటే గట్టి పరీక్ష, అదే గుహలోనో పక్క గుహలోనో ఇంకో రాయి తీసి ఒకే కాలానికి రెండు గ్రాఫులూ పోల్చడం. రెండు వేర్వేరు చుక్కల కింద పెరిగిన రాళ్లు ఒకే కథ చెబితే అది వాతావరణం. చెప్పకపోతే ఆ కథ ఒక చుక్కది మాత్రమే.

గుహలో పర్యవేక్షణ అంటే ఏం చెయ్యాలి?

కనీసం ఒక ఏడాది, వీలైతే మూడేళ్లు. రాయి తీసిన చోట చుక్కల లాగర్, ఉష్ణోగ్రత, తేమ, కార్బన్ డయాక్సైడ్ లాగర్లు పెట్టాలి. నెలకోసారి చుక్క నీటిని చిన్న సీసాలో మెడ దాకా, గాలి మిగలకుండా నింపి బిగించాలి. బయట వాన నీటిని ఆవిరి కాకుండా పట్టే డబ్బాలో సేకరించాలి. చుక్క కింద గరుకు చేసిన గాజు పలకను ముందే తూచి పెడితే, కొన్ని నెలల తర్వాత దాని మీద నేటి కాల్సైట్ పేరుకుంటుంది. నేటి నీటికీ నేటి కాల్సైట్‌కూ పొంతన కుదిరితేనే పాత పొరల మీద లెక్క వెయ్యడానికి ధైర్యం వస్తుంది.

పలకల వల్ల ఇంకోటి బయటపడుతుంది. చాలా గుహల్లో చలికాలపు బరువైన గాలి లోపలికి దిగి కార్బన్ డయాక్సైడ్‌ను తోసేస్తుంది, దాంతో కాల్సైట్ ఆ నెలల్లోనే ఎక్కువగా పడుతుంది. అప్పుడు మీ రికార్డు ఏడాదిది కాదు, ఎక్కువగా ఒక కాలానిది.

రాయి పెరగని కాలం వృథాయేనా?

కాదు, అదీ సాక్ష్యమే. నేల గడ్డకట్టి ఉంటే నీరు దిగదు, రాయి పెరగదు. సైబీరియా గుహల్లో రాళ్లు ఏయే కాలాల్లో పెరిగాయో తేదీలు కట్టి, శాశ్వత హిమభూమి ఎప్పుడు కరిగిందో 2013లో చెప్పగలిగారు. అయితే ఒక్క రాయి ఆగడానికి పగులు మూసుకుపోవడం కూడా చాలు. చాలా రాళ్లు ఒకేసారి ఆగితేనే వాతావరణం మాట.

ఈ పద్ధతి ఇంతవరకు ఏం తేల్చింది?

2001లో హులు గుహ రాళ్లు, గత హిమయుగంలో గ్రీన్‌ల్యాండ్ మంచులో కనిపించిన హఠాత్ మార్పులు ఆసియా రుతుపవనాల్లోనూ ఉన్నాయని చూపించాయి. 2016 నాటికి చైనా గుహల రికార్డు 6,40,000 ఏళ్లకు, అంటే గడియారం హద్దు దాకా చేరింది.

మేఘాలయలోని మామ్లూ గుహ స్టాలగ్మైట్‌ను 2018లో భూగర్భ కాలపట్టికలో సుమారు 4,200 ఏళ్ల క్రితం మొదలైన మేఘాలయన్ యుగం ఆరంభానికి గుర్తుగా తీసుకున్నారు. అదే గుహలోని మరికొన్ని రాళ్లలో మాత్రం ఆ 4,200 ఏళ్ల నాటి మార్పు ఒకే దీర్ఘ కరువుగా కాక, విడివిడి కరువుల వరసగా కనిపించింది. ఆ చర్చ ముగియలేదు.

అమెరికాలో నెవాడాలోని డెవిల్స్ హోల్ ఉదంతం కొత్తవాళ్లు తప్పక తెలుసుకోవాలి. నీటి అడుగున గోడకు పేరుకున్న కాల్సైట్, హిమయుగం ముగింపును భూకక్ష్య లెక్కలు చెప్పే కాలం కంటే ముందే చూపించడంతో దశాబ్దాల పాటు వాదన నడిచింది. 2016లో పక్కనే ఉన్న డెవిల్స్ హోల్ 2 రాళ్లతో చిక్కు విడింది. నీటిలోంచి అదనపు థోరియం-230 కాల్సైట్‌లో చేరి, లోతైన చోట వయసును పెంచిందని తేలింది.

"4,200 ఏళ్ల క్రితం" అంటే ఎప్పటి నుంచి లెక్క?

వ్యాసం చూసి తేల్చుకోవాలి. కార్బన్-14 సంప్రదాయంలో సున్నా 1950. చాలా యురేనియం-థోరియం పట్టికల్లో సున్నా 2000, కొన్నిట్లో కొలిచిన సంవత్సరం. మేఘాలయన్ ఆరంభాన్ని 2000 నుంచి లెక్కిస్తే 4,250, 1950 నుంచి లెక్కిస్తే 4,200. రెండు రికార్డులను ఒకే గ్రాఫులో పెట్టే ముందు ఇది సరిచూడకపోతే 50 ఏళ్ల తేడా ఊరికే పుట్టుకొస్తుంది, దాన్ని "ఆలస్యంగా వచ్చిన ప్రభావం" అని వివరించే ప్రమాదమూ ఉంది.

రాయి తియ్యకుండా ఈ సమాచారంతో పని చెయ్యవచ్చా?

చెయ్యవచ్చు. సిసల్ అనే అంతర్జాతీయ డేటాబేస్‌లో వందలాది గుహ రికార్డుల ఐసోటోపులు, తేదీలు, వయసు లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. గ్రాఫు గీసే ముందు తేదీల పట్టిక తెరవండి. వెయ్యేళ్లకు ఎన్ని తేదీలున్నాయి, థోరియం-232 ఎంత, విరామాలు ఎక్కడ, ఖనిజం ఏది అన్నవి చూడండి. వయసు హద్దులు 100 ఏళ్లున్న రికార్డుతో 30 ఏళ్ల కరువును ఇంకో చోటి సంఘటనతో జతచేస్తే ఆ జత నిలవదు.

గుహలోకి దిగేటప్పుడు జాగ్రత్తలు?

ఒంటరిగా వెళ్లకండి, మూడు వేర్వేరు లైట్లు ఉంచుకోండి, తిరిగి వచ్చే వేళ బయట ఒకరికి చెప్పండి. గబ్బిలాల రెట్ట ఉన్నచోట దుమ్ము లేపకండి. హిస్టోప్లాస్మోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి దాని నుంచి రావచ్చు, ముఖానికి సరిగ్గా అతికే మాస్కు కావాలి. గాలి కదలని గుంటల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మీటరు 1 శాతం దాటినా, కారణం లేకుండా తలనొప్పి, ఆయాసం మొదలైనా నమూనా వదిలేసి వెనక్కి రండి. ఒక గుహ నుంచి ఇంకో గుహకు వెళ్లే ముందు బూట్లు, తాళ్లు, పరికరాలు కడిగి ఆరబెట్టండి.